సొంత డిజైన్‌తో శుభలేఖ: ప్రెస్‌ను ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 2026 వైశాఖంలో అమ్మాయి పెళ్లి. హైదరాబాద్‌లో 500 శుభలేఖలు వేయించాలి. ఆల్బమ్‌లో చూపించే కార్డులు వద్దు, మీ సొంత డిజైన్ కావాలి. ఒక షాపు కార్డుకు 48 రూపాయలంది, ఇంకొకరు 115 అన్నారు. ఎవరికి ఇవ్వాలి?

ధరల సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు ఇద్దరినీ ఒకటే అడగండి: తెలుగు మ్యాటర్ ఎవరు కంపోజ్ చేస్తారు (అంటే టైప్ చేసి అమరుస్తారు), చివరి ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనా) దేనిమీద చూపిస్తారు? అసలు కాగితం మీద, అసలు సైజులో, అచ్చుకు వెళ్లే ఫైలు నుంచే తీసిన ప్రూఫ్ మీ చేతికిచ్చి, మీరు సంతకం పెట్టాకే మిషన్ ఎక్కిస్తామన్నవాళ్లు మీకు పనికొస్తారు. "వాట్సాప్‌లో ఫొటో పంపిస్తాం, ఓకే అనండి చాలు" అనేవాళ్ల దగ్గర శాంపిల్ ఎంత బాగున్నా ఆలోచించాల్సిందే. శుభలేఖల్లో గొడవలు ఎక్కువగా మ్యాటర్ దగ్గరే వస్తాయి. కాగితం కాస్త పలచబడితే ఎవరూ పట్టించుకోరు. తాతగారి పేరు ముందు కీ.శే. ఎగిరిపోయినా, బతికున్నవారికి అది తగిలినా చుట్టాలు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.

ఇక మీకు ధర చెప్పిన వాళ్లు అసలు ఎవరో తేల్చుకోండి. ఈ వ్యాపారంలో మూడు రకాలవాళ్లు ఉంటారు. మొదటి రకం షోరూములు. శివకాశి నుంచో ఢిల్లీ నుంచో వచ్చిన ఖాళీ కార్డులను ఆల్బమ్‌లో పెట్టి, మీ మ్యాటర్ మాత్రం ఇక్కడ స్క్రీన్ ప్రింటింగ్‌లో (సన్నని జాలీ గుండా ఇంకు దించే అచ్చు) వేయిస్తారు. కార్డు వెనక చిన్న కోడ్ నంబరు ఉంటే అది అలాంటిదే. అదే కార్డు ఇంకో షాపులో ఇంకో ధరకు దొరుకుతుంది. రెండో రకం సొంత మిషన్లున్న ప్రెస్‌లు. చార్మినార్ దగ్గర ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డుల పని చేసే ప్రెస్‌లు వరసగా కనిపిస్తాయి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ అక్కడ జరుగుతాయి. మూడో రకం డిజైనర్లు. బొమ్మ, అమరిక వాళ్లవి, అచ్చు పని బయట చేయిస్తారు. మీకు 48 చెప్పింది బహుశా మొదటి రకం, 115 చెప్పింది మూడో రకం అయి ఉంటుంది. ఆ రెండు ధరలను పక్కపక్కన పెట్టి చూడటంలో అర్థం లేదు, ఎందుకంటే చెప్పిన పనే ఒకటి కాదు.

డిజైనర్‌కు ఇవ్వడం తప్పేమీ కాదు. కానీ ఫాయిల్ (వేడి బ్లాకుతో అద్దే మెరుపు రేకు) ఎవరు కొడతారు, అంటింపు ఎవరు చేస్తారు, తేడా వస్తే ఎవరు మళ్లీ వేస్తారు అన్నది ముందే తెలియాలి. "అది ప్రెస్ వాళ్ల తప్పు" అనే మాట మీదాకా రాకూడదు. మీరు డబ్బు ఎవరికి ఇస్తున్నారో బాధ్యత కూడా వాళ్లదేనని బిల్లు మీద ఉండాలి.

ప్రెస్ సొంత పనితనం తెలుసుకోవాలంటే షోకేసులో కార్డులు చూడొద్దు. గత నెలరోజుల్లో డెలివరీ చేసిన మూడు నాలుగు తెలుగు కార్డులు అడగండి. వాటిలో ఒత్తులు చూడండి. తెలుగు అక్షరాలను సరిగా అమర్చే ఏర్పాటు ఆన్ చేయకుండా ఇలస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు (ఫోన్‌లో మనం టైప్ చేసేది) పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి పొల్లులతో పడతాయి. 'లక్ష్మి' కాస్తా 'లక్‌ష్‌మి' అవుతుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో మన భాషల లిపుల కోసం వేరే కంపోజర్ ఎంపిక ఉంటుంది, అది పెట్టుకోవాలి. పాత ప్రెస్‌లలో ఈ బాధ వేరే రూపంలో ఉంటుంది. అక్కడ పని అను ఫాంట్లలో జరుగుతుంది, అవి యూనికోడ్ కావు. మీరు ఫోన్‌లో టైప్ చేసి పంపిన మ్యాటర్‌ను ఆ ఫాంట్లలోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తారు, లేదా ఆపరేటర్ చూసి మళ్లీ టైప్ చేస్తాడు. కన్వర్టర్‌లో వట్రసుడులు, అరుదైన సంయుక్తాక్షరాలు దెబ్బతింటాయి. చేత్తో టైప్ చేస్తే 'కృష్ణ' బదులు 'క్రిష్ణ' పడుతుంది. రెండు పద్ధతుల్లోనూ మంచి కార్డులు వస్తున్నాయి. మీ ప్రెస్ ఏ దారిలో వెళ్తోందో తెలిస్తే ప్రూఫ్‌లో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. అచ్చుకు పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా మారుస్తారు, అంటే అక్షరం బొమ్మగా మారిపోతుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిచినా చెడకుండా ఉండేందుకు ఇది అవసరం. కానీ మార్చేటప్పుడే ఒక్కోసారి ఒత్తు జారిపోతుంది. కర్వ్స్ చేసిన తర్వాత తీసిన ప్రూఫ్ మీదే సంతకం పెట్టండి, ముందు తీసినదాని మీద కాదు.

మ్యాటర్‌లో ఏవి తప్పుతాయో ఒక్కొక్కటే చెబుతాను, ఎందుకంటే ఈ పని డబ్బిచ్చినా ఇంకొకరు మీకోసం చేయరు.

ప్రెస్‌లలో పాత పెళ్లి ఫైలు తెరిచి పేర్లు మార్చడం మామూలే. మాఘ ఫాల్గుణాల పెళ్లి ఫైలు మీద మీది ఎక్కిస్తే శ్రీ విశ్వావసు నామ సంవత్సరం, శిశిర ఋతువు అలాగే మిగిలిపోతాయి. 2026 మార్చి 19 ఉగాది నుంచి శ్రీ పరాభవ నామ సంవత్సరం, మీ వైశాఖానికి వసంత ఋతువు. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం, లగ్నం ఇవన్నీ మీ పురోహితుడు రాసిచ్చిన కాగితంతో అక్షరం అక్షరం సరిచూడాలి. రెండు పంచాంగాల్లో తిథి ఘడియలు తేడా ఉండొచ్చు. మీ పురోహితుడు ఇచ్చినదే కార్డులో వేయించండి, ఫోన్‌లో యాప్ చూసి దిద్దకండి.

అర్ధరాత్రి దాటిన ముహూర్తమైతే మరింత జాగ్రత్త. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, గడియారం ప్రకారం రాత్రి 12కి మారుతుంది. 9వ తేదీ శనివారం రాత్రి 2-15కు ముహూర్తమంటే క్యాలెండర్‌లో అది 10వ తేదీ ఆదివారం. 'శనివారం రాత్రి' అని మాత్రమే వేస్తే కొందరు సరిగానే వస్తారు. 'ఆదివారం' అని మాత్రమే వేస్తే కొందరు ఒకరోజు ఆలస్యంగా వస్తారు. '9వ తేదీ శనివారం రాత్రి (తెల్లవారితే ఆదివారం) గం. 2-15 ని.లకు' అని రెండూ ఉండాలి. ఇంగ్లిష్ పేజీలో 10వ తేదీ, ఆదివారం, తెల్లవారుజామున అని ఉండాలి. రెండు పేజీలను విడివిడిగా ఇద్దరు కంపోజ్ చేస్తే ఈ తేదీలు పొంతన లేకుండా పడతాయి. విందు ఏ పూటో కూడా వేరే వరసలో స్పష్టంగా రాయించండి. వచ్చేవాళ్లు బయలుదేరే సమయం దాన్నిబట్టే చూసుకుంటారు.

వధూవరుల పేర్లు ఇంట్లో పిలిచే తీరులో కాకుండా పదో తరగతి మెమోలో, ఆధార్‌లో ఉన్నట్టే వేయించండి. రెండు రాష్ట్రాల్లోనూ వివాహ రిజిస్ట్రేషన్‌కు శుభలేఖ అడుగుతారు. అబ్బాయి విదేశంలో ఉంటే వీసా కాగితాలతో పాటు కూడా పెడుతుంటారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ తర్వాత అఫిడవిట్ల పని పడుతుంది. తెలుగు కార్డులో ముద్దుపేరు ఉండి తీరాలనుకుంటే అసలు పేరు పక్కన బ్రాకెట్‌లో పెట్టించండి.

పేర్ల క్రమం, చి॥, చి.ల.సౌ., శ్రీ, శ్రీమతి, కీ.శే., ద్వితీయ పుత్రిక, కనిష్ఠ పుత్రుడు లాంటివి పెళ్లికూతురు వైపు ఒక పెద్దావిడ, పెళ్లికొడుకు వైపు ఒక పెద్దాయన చదవాలి. ఇంటిపేర్లు వాళ్లకే బాగా తెలుస్తాయి. ఇరువైపులా కార్డులు ఒకే ప్రెస్‌లో వేయిస్తే డిజైన్ ఖర్చు కలిసొస్తుంది. కానీ 'మా కుమార్తె', 'మా కుమారుడు' మారేటప్పుడు పైపేరాలో ఒకటి, కిందిపేరాలో ఇంకొకటి మిగిలిపోతుంటాయి. దీనికి వేరే ప్రూఫ్, వేరే సంతకం ఉండాలి.

ప్రూఫ్ చదివే పద్ధతి కూడా ఒకటి ఉంది. ఒకరు కాగితం చూసి పైకి చదవాలి, ఇంకొకరు ఒరిజినల్ మ్యాటర్ చూస్తూ ఉండాలి. తర్వాత కింది నుంచి పైకి వరసవరసగా చదవాలి. అర్థం తెగిపోతే కళ్లు అక్షరాలను చూస్తాయి. కార్డులో ఉన్న ఫోన్ నంబర్లకు ఆ కాగితం చూసే డయల్ చేయండి. తేదీకి వారం కలిసిందో లేదో క్యాలెండర్‌లో చూడండి. కల్యాణ మండపానికి దారి చూపే క్యూఆర్ కోడ్ ఉంటే ప్రూఫ్ మీదే రెండు మూడు ఫోన్లతో స్కాన్ చేయండి. కోడ్ 2 సెంటీమీటర్ల కంటే చిన్నదిగా వద్దు, చుట్టూ తెల్ల ఖాళీ ఉండాలి, లేత రంగు మీద ముదురు రంగులో ఉండాలి. బంగారు ఫాయిల్‌తో కొట్టిస్తే వెలుతురు తళుక్కుమని ఫోన్ చదవలేదు. ఉచితంగా కోడ్ చేసే కొన్ని సైట్లు గడువు పెడతాయి, గడువు దాటితే లింకు ఆగిపోతుంది. మ్యాప్ లింకును నేరుగా కోడ్‌గా మార్చమనండి.

ఇక అచ్చు పద్ధతి. 500 కార్డులు మధ్యస్థమైన సంఖ్య. వంద లోపైతే నాలుగు రంగుల బొమ్మకు డిజిటల్ (కంప్యూటర్ నుంచి నేరుగా తీసే అచ్చు) గిట్టుబాటు అవుతుంది. ఐదారు వందల దగ్గర నుంచి నాలుగు రంగుల బొమ్మకు ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి పెద్ద మిషన్ మీద వేసే అచ్చు) బాగుంటుంది. మెరిసే కాగితం మీద, ముదురు రంగు కాగితం మీద ఒకటి రెండు రంగుల అక్షరాలకు స్క్రీన్ ప్రింటింగ్ దిట్టంగా కూర్చుంటుంది. ఒకే కార్డులో బొమ్మ ఆఫ్‌సెట్‌లో, మ్యాటర్ స్క్రీన్‌లో, పేర్లు ఫాయిల్‌లో చేయించడం మామూలే. ఒక్కొక్క పనికీ కార్డు మళ్లీ మిషన్ ఎక్కుతుంది, ఎక్కినప్పుడల్లా కొన్ని పాడవుతాయి, గీతలు కొద్దిగా పక్కకు జరుగుతాయి. బొమ్మ అంచును సన్నని ఫాయిల్ గీతతో చుట్టే డిజైన్ అయితే అర మిల్లీమీటరు జరిగినా కనిపిస్తుంది. అలాంటి డిజైన్ ఒప్పుకునేముందు అదే ప్రెస్ చేసిన అలాంటి కార్డు చూపించమనండి.

బంగారు రంగు విషయంలో చాలామంది మోసపోతారు. కంప్యూటర్ తెర మీద బంగారంలా కనిపించేది నాలుగు రంగుల అచ్చులో ఆవపిండి రంగులోకి దిగుతుంది. బంగారం కావాలంటే ఫాయిల్ కొట్టించాలి, లేదా మెటాలిక్ ఇంకు వేయించాలి. నెమలికంఠం నీలం కూడా తెర మీద ఉన్నంత మెరుపుగా రాదు. కుంకుమ ఎరుపు, అరటాకు పచ్చ బాగానే వస్తాయి.

ఫాయిల్‌ను పేర్లకు, గణపతి బొమ్మకు, 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు'కు ఆపండి. మొత్తం మ్యాటర్ ఫాయిల్‌లో వద్దు. తెలుగు అక్షరాలు గుండ్రంగా, లోపల ఖాళీలతో ఉంటాయి. చిన్న సైజులో వేడి బ్లాకు నొక్కినప్పుడు ఆ ఖాళీలు పూడిపోతాయి. 'థ' లోపలి చుక్క, 'ధ', 'ఘ'ల కింది గీత కలిసిపోయి ఏ అక్షరమో తెలియదు. 14 పాయింట్ల కంటే చిన్న తెలుగుకు ఫాయిల్ వద్దు. మ్యాటర్ ఎంత ఎక్కువున్నా 12 పాయింట్ల కంటే తగ్గించొద్దు, కార్డును చేతిలోకి తీసుకుని చదివేది పెద్దవాళ్లే. పట్టకపోతే 'ఆహ్వానించువారు' కింది పేర్ల జాబితా కుదించండి, లేదా ఇంకో లోపలి పేజీ పెంచండి. అదీగాక మెరూన్ కాగితం మీద బంగారు అక్షరాలు షాపు లైట్ల కింద బాగుంటాయి, ఇంట్లో రాత్రిపూట చదవలేరు.

బొమ్మల గురించి రెండు మాటలు. 7 అంగుళాల కార్డుకు నిండుగా బొమ్మ రావాలంటే ఆ వైపు కనీసం 2,100 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. కార్డు రెండువైపులా పొందిక కోసం దేవుడి బొమ్మను అద్దంలో తిప్పినట్టు తిప్పే అలవాటు కొందరు డిజైనర్లకు ఉంది. వేంకటేశ్వరస్వామికి చక్రం పై కుడిచేతిలో, శంఖం పై ఎడమచేతిలో ఉండాలి. తిప్పితే తారుమారవుతాయి. ఏఐతో గీయించిన బొమ్మల్లో ఆయుధాలు, చేతివేళ్లు, గణపతి దంతం తప్పకుండా సరిచూడండి. చాలా కార్డుల మీద కనిపించే బాపు గారి సీతారామ కల్యాణం బొమ్మలు అందరి సొత్తు కావు. ఆయన 2014లో కన్నుమూశారు, మన చట్టం ప్రకారం ఆ బొమ్మలకు 2074 చివరిదాకా హక్కులుంటాయి. సొంతదనం కావాలంటే చేర్యాల చిత్రకారుల దగ్గరో, శ్రీకాళహస్తి కలంకారీ చేసేవాళ్ల దగ్గరో చిన్న బొమ్మ గీయించుకోవచ్చు. చాలామంది అనుకునేంత ఖరీదు కాదు, పెళ్లయ్యాక అసలు బొమ్మ ఇంట్లో ఉంటుంది. అలా గీయించేటట్టయితే కనీసం నెలరోజులు ముందుగా చెప్పండి. స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయించండి, ఫోన్‌తో ఫొటో తీసి ఇవ్వొద్దు.

కాగితం దగ్గర 'మందంగా ఉంటుంది' అనే మాట వినొద్దు, జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో) అడగండి. పై కార్డుకు 250 నుంచి 300, లోపలి పేజీలకు 130 నుంచి 170, కవరుకు 120 సరిపోతాయి. 250 దాటిన కార్డును మడిచేముందు మిషన్ మీద క్రీజింగ్ (మడత గాడి) వేయాలి. వేయకపోతే మడత దగ్గర రంగు పగిలి తెల్లగీత కనిపిస్తుంది. ఒకవైపే లామినేషన్ (పైన పలచని ప్లాస్టిక్ పొర) చేసిన కార్డు గాలిలో తేమకు వంకర తిరుగుతుంది, కోస్తా వైపు ఇది ఇంకా ఎక్కువ. లేజర్ కటింగ్ జాలీలు లేత రంగు కార్డు మీద చేస్తే అంచులు గోధుమరంగులో కాలినట్టు ఉంటాయి, మరీ సన్నని తీగలు కవర్లోంచి తీసేటప్పుడే తెగుతాయి.

మన కార్డుకే ప్రత్యేకమైన పరీక్ష ఇంకొకటి ఉంది. నాలుగు మూలలా పసుపు పెడతాం కదా, గ్లాసీ లామినేషన్ మీద పసుపు నిలవదు, ఎండి రాలిపోతుంది. కొన్ని మెరుపు కాగితాల మీద తడి తగిలితే పైపూత లేస్తుంది. ప్రెస్ దగ్గర ఖాళీ శాంపిల్ కార్డు ఒకటి, కవరు ఒకటి అడిగి తెచ్చుకోండి. తడి పసుపు, కుంకుమ పెట్టి ఆరనిచ్చి కవర్లో పెట్టి మర్నాడు తీసి చూడండి. కవరు మీద మీరు వాడే పెన్నుతోనే అడ్రసు రాసి వేలితో రుద్దండి. మెరిసే కవర్ల మీద జెల్ పెన్ను చెరిగిపోతుంది. మూలల నుంచి సెంటీమీటరు మేర అక్షరాలు, ఫాయిల్ లేకుండా డిజైన్‌లోనే ఖాళీ ఉంచమనండి.

బరువు లెక్క కూడా ముందే వేసుకోండి. 7 అంగుళాల చదరపు కార్డు, 300 జీఎస్‌ఎం, మధ్యకు మడిచిన రెండు భాగాలకు కలిపి దాదాపు 19 గ్రాములు. రెండు లోపలి పేజీలు 9, కవరు 9 కలిపితే కార్డుకు సుమారు 37 గ్రాములు. 500 కార్డులంటే 18 కిలోలకు పైనే. అమెరికాలో ఉన్న బంధువులకు 100 కార్డులు సూట్‌కేసులో పెట్టి పంపితే దాదాపు 4 కిలోలు పోతాయి. వాళ్లకు కవరు, ఒక్క పేజీ ఉండే తేలిక కార్డు వేరే వేయించడం మేలు. పోస్టులో పంపేవాటికి కూడా బరువును బట్టి ఖర్చు పెరుగుతుందని గుర్తుంచుకోండి.

సంఖ్య మనుషులను బట్టి కాదు, ఇళ్లను బట్టి లెక్కేయండి. దాని మీద పదిశాతం కలుపుకోండి. తర్వాత ఇంకో 50 కావాలంటే స్క్రీన్లు, బ్లాకులు మళ్లీ ఎక్కించాలి, కార్డు ధర రెండు మూడింతలవుతుంది. కవర్లు మాత్రం 15 శాతం ఎక్కువ తీసుకోండి, అడ్రసులు తప్పు రాసేవి అవే.

ఇప్పుడు ధరకు వద్దాం. డిజైన్, స్క్రీన్లు, ఫాయిల్ బ్లాకు, కటింగ్ డై (కార్డును ఆకారంలో కోసే అచ్చు) ఒక్కసారి ఖర్చులు. కాగితం, అచ్చు, అంటింపు, కవరు కార్డు కార్డుకూ పడే ఖర్చులు. ఒక్కసారి ఖర్చు 6,000 అనుకుంటే 200 కార్డులకు ఒక్కోదాని మీద 30 రూపాయలు పడుతుంది, 500కి 12 పడుతుంది. ఇద్దరినీ ఈ రెండూ విడదీసి రాసిమ్మనండి. కాగితం పేరు, జీఎస్‌ఎం, సైజు, పేజీలు, ఏది ఏ పద్ధతిలో అచ్చు, ఫాయిల్ ఎంత మేర, కవరు, ఎన్నిసార్లు మార్పులు ఉచితం, జీఎస్టీ కలిపా కలపకా, డెలివరీ తేదీ ఆ కాగితం మీదే ఉండాలి. ఫోన్‌లో పంపడానికి నిలువు బొమ్మ, పీడీఎఫ్ కూడా అందులోనే అడగండి. కింద రెండు వాక్యాలు రాయించండి: సంతకం చేసిన ప్రూఫ్‌లో ఉన్న తప్పు కార్డు వేయించుకున్నవాళ్లది, ప్రూఫ్‌కు భిన్నంగా అచ్చయితే ప్రెస్ సొంత ఖర్చుతో మళ్లీ వేయాలి. దీనికి ఒప్పుకోని చోట ఇవ్వకండి. ఇలా రాయించాక 48, 115 మధ్య తేడా చాలావరకు ఎక్కడిదో కనిపిస్తుంది.

అడ్వాన్సు సగానికి మించి ఇవ్వొద్దు. పంపకం పెళ్లికి నాలుగు వారాల ముందు మొదలవ్వాలి. డిజైన్‌కు పది రోజులు, మ్యాటర్ ప్రూఫ్‌లకు నాలుగైదు రోజులు, అచ్చుకు వారం, ఫాయిల్, అంటింపులకు ఇంకో వారం. అంటే పెళ్లికి 60 రోజుల ముందు ఆర్డరు ఇస్తే ఊపిరి ఆడుతుంది. మూఢం పోయిన వెంటనే వారం పదిరోజులు ప్రెస్‌లన్నీ కిక్కిరిసి ఉంటాయి. మూఢంలో కార్డు అచ్చు వేయించకూడదనుకునేవాళ్లు కూడా డిజైన్, మ్యాటర్ అప్పుడే పూర్తి చేసి పెట్టుకుని, మంచిరోజు చూసి మిషన్ ఎక్కించుకోవచ్చు.

డెలివరీ రోజు పైనున్న కట్ట చూసి వదిలేయకండి. మధ్య కట్టల్లోంచి పది కార్డులు తీసి సంతకం చేసిన ప్రూఫ్ పక్కన పెట్టండి. స్క్రీన్ ఇంకు ఆరకుండా కట్టలు కడితే కింది కార్డు అక్షరాలు పై కార్డు వెనక అంటుకుంటాయి, వెనక తిప్పి చూడండి. తెల్లగుడ్డతో అక్షరాల మీద రుద్దితే రంగు రాకూడదు. ఫాయిల్ మీద గోరు ఆనించి లాగితే పొట్టు లేవకూడదు. కార్డులు, లోపలి పేజీలు, కవర్లు వేర్వేరుగా లెక్కపెట్టండి. ఇవన్నీ అయ్యాక, కర్వ్స్ చేసిన చివరి ఫైలు మీ పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని, అది తెరుచుకుంటోందని చూసి మిగిలిన డబ్బు ఇవ్వండి. రిసెప్షన్ కార్డుకు, ధన్యవాదాల కార్డుకు, ఆఖరి నిమిషంలో చిన్న ప్రెస్‌లో 30 కార్డులు డిజిటల్‌గా తీయించుకోవడానికి ఆ ఫైలే ఆధారం.